కేరల్స్ తిరిగిన ఇళ్ళకి ఫిబ్రవరిలో కూడా వెళ్దాం

ఎడిటర్ గారికి నమస్కారాలు,

సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది, మా పేటలో కొన్ని ఇళ్ళ మీద క్రిస్మస్ స్టార్లు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. పండగకి ముందే చేసుకునే సెమీ క్రిస్మస్‌లు, ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్, కేకులు, కొత్త బట్టలు, డిసెంబర్ 31 రాత్రి ఆరాధన, కొత్త సంవత్సరానికి బైబిలు వాక్యం రాసి ఇచ్చే వాగ్దానం కార్డు, ఇవన్నీ నాకు ప్రాణం, వాటిని తప్పు పట్టడానికి రాయట్లేదండి. జనవరి సగం అయ్యేసరికి మన భక్తి అంతా ఆదివారం రెండు గంటలకి కుదించుకుపోతోంది, ఆ బాధతో రాస్తున్నా.

భక్తి అంటే కష్టంలో ఉన్నవాళ్ళకి తోడు నిలబడడం కూడా అని ఒంగోలు వాళ్ళకి బయటివాళ్ళు వచ్చి చెప్పక్కర్లేదు. 1876-78 కరువులో జనం తిండి లేక చచ్చిపోతుంటే ఇక్కడి బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తనే తీసుకుని వేలమందికి కూలి పని చూపించారు. బాప్తిస్మం ఇమ్మని ఎంతోమంది అడిగినా కరువు సాయం అందుతున్నన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు, కూడు కోసం ఎవరూ దేవుణ్ణి ఒప్పుకోకూడదని ఆయన పట్టుదల. ఆ తర్వాతే 1878 జులై 3న ఒక్కరోజులో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సభల్లో ఈ అంకె చెప్పగానే హల్లెలూయా అంటాం, అంతకుముందు ఎండలో మట్టి మోయించి, కూలి లెక్కలు చూసి, రోగాలొచ్చిన వాళ్ళని కనిపెట్టుకున్న ఆ నెలల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నాకైతే సువార్త అక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు మన ఇళ్ళల్లో చూడండి. పెళ్ళి మాటలు ప్రార్థనతో మొదలుపెడతారు, ఆమెన్ అన్నాక కట్నం ఎంత, బంగారం ఎంత, కారు ఇస్తారా లేదా అని బేరం, 1961 నుంచి చట్టం ఉన్నా సరే, పాస్టర్ గారు అక్కడే కూర్చుని టీ తాగుతుంటారు గానీ ఒక్క మాట అనరు. రక్షణ పొందిన, అంటే యేసుని నమ్ముకున్న సంబంధం కావాలి అని ప్రకటన ఇచ్చి కింద కులం పేరు రాస్తారు, ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది. బైబిల్లో జక్కయ్య పన్నులు వసూలు చేసే మనిషి, యేసు ఇంటికొచ్చిన రోజే సగం ఆస్తి బీదలకి ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అంత అక్కర్లేదు, ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఒకటో తారీఖున జీతం చేతిలో పెట్టడం, ఆఫీసులో పెన్షన్ ఫైలు పట్టుకుని వచ్చిన ముసలాయన్ని లంచం అడక్కుండా పంపించడం, వీటితో మొదలుపెట్టినా చాలు.

నేను అడిగేది ఒకటే. కేరల్స్‌కి తిరిగే మన యూత్‌కి ఏ ఇంట్లో మంచం పట్టిన అమ్మమ్మ ఉందో, ఏ ఇంట్లో తండ్రి తాగి పిల్లల్ని బడి మాన్పించాడో, ఎవరింట్లో ఆ రాత్రి పొయ్యి వెలగలేదో అన్నీ తెలుసు, పాట పాడి ప్రార్థన చేసి కానుక సంచి పట్టుకుని వచ్చేస్తారు, మళ్ళీ వచ్చే డిసెంబర్ దాకా ఆ గుమ్మం తొక్కరు. అదే లిస్టు పట్టుకుని ఫిబ్రవరిలో వెళ్ళండి, డ్రమ్ము వద్దు, సంచి అసలే వద్దు, ఆ ఇల్లు ఏ మతం వాళ్ళదైనా సరే. డయాలసిస్‌కి తోడు వెళ్ళడం, పరీక్షల ముందు పిల్లలకి లెక్కలు చెప్పడం, రేషన్ కార్డు అప్లికేషన్ నింపిపెట్టడం, వీటికి పెద్ద డబ్బేం అవ్వదు. పాత చర్చి సంఘాల్లో ఆడవాళ్ళు వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు పక్కన తీసి చర్చికి తెచ్చేవాళ్ళు కదా, అది మళ్ళీ మొదలుపెడితే ఆ ఇళ్ళకి బియ్యం అక్కడి నుంచే వస్తాయి. క్రిస్మస్ లైటింగ్‌కి, సౌండ్ సిస్టంకి కమిటీ వేసినట్టే దీనికి కూడా ఒక కమిటీ వేయమని సంఘ పెద్దలని బతిమాలుకుంటున్నా.

మీ పేపర్లో డిసెంబర్ 25కి చర్చిల ఫోటోలు పేజీ నిండా వేస్తారు, సంతోషం. ఈస్టర్ లోపు ఒకసారి మీ విలేకరిని ఇలాంటి పని జరుగుతున్న ఏ చిన్న సంఘానికైనా పంపించండి, పల్లెల్లో పేరు లేకుండా చేస్తున్న వాళ్ళు ఉన్నారు, వాళ్ళని చూసి మిగతా సంఘాలు నేర్చుకుంటాయి.

ఇట్లు,
ఒక సంఘ సభ్యురాలు, ఒంగోలు