ట్రెడీగర్ గురించి నీకు చెప్పాల్సింది

చిన్నా,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట నైట్ డ్యూటీ అంతా నా చెవిలోనే ఉంది. "మనం వీసా మీద వచ్చాం, ట్యాక్స్ కడుతున్నాం, ఆ బోట్లలో సముద్రం దాటి శరణు కోరి వచ్చేవాళ్ల వల్లే మనకి చెడ్డపేరు" అన్నావు. ఫోన్‌లో అయితే గొడవ అవుతుందని రాస్తున్నా.

కట్టడం సంగతి నాకు తెలియనిది కాదు. 2017లో బ్రిటన్ వచ్చినప్పుడు వీసా ఫీజు కాకుండా ఆరోగ్య సర్‌చార్జ్ అని తలకి ఏడాదికి 200 పౌండ్లు కట్టాం, నేను నర్సుగా చేరబోయేది ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లోనే అయినా సరే. 2024 నుంచి అది పెద్దవాళ్లకి 1,035. బాధ ఉంటుంది, కాదనను. కానీ ఆ బాధకి శరణు కోరి వచ్చినవాళ్లు కారణం కాదు నాన్నా. కేసు తేలేదాకా వాళ్లకి మామూలుగా పని చేసే హక్కే లేదు, ఏడాది దాటినా తేలకపోతే అప్పుడు అనుమతి అడగొచ్చు, అదీ కొన్ని ఉద్యోగాలకే. 2024లో సొంతంగా వండుకునేవాళ్లకి ప్రభుత్వం తలకి వారానికి ఇచ్చింది 49 పౌండ్ల 18 పెన్నీలు. పని చెయ్యనివ్వకుండా కూర్చోబెట్టి, కూర్చుని తింటున్నారని తిడితే ఎలా?

అదే ఏడాది ఆగస్టు గుర్తుందా? సౌత్‌పోర్ట్‌లో పసిపిల్లల్ని చంపినవాడు బోటులో వచ్చాడని అబద్ధం పుట్టించారు, అల్లర్లతో ఊళ్లకి ఊళ్లు అంటుకున్నాయి. మిడిల్స్‌బరోలో అల్లరిమూకలు కార్లు ఆపి తెల్లవాళ్లేనా, ఇంగ్లీషువాళ్లేనా అని అడిగారు. ఏ వీసా అని ఎవరూ అడగలేదు. సండర్లాండ్‌లో ఎమర్జెన్సీ డ్యూటీకి వెళ్తున్న ఫిలిప్పీన్స్ నర్సుల టాక్సీ మీద రాళ్లు పడ్డాయి. ఆ వారం నేను బస్టాపులో ఎలా నిలబడ్డానో నీకు చెప్పలేదు.

ఇక్కడ వేల్స్‌లో, మన న్యూపోర్ట్ నుంచి బస్సులో వెళ్లేంత దూరంలో ట్రెడీగర్ అనే ఊరు ఉంది. అక్కడ బొగ్గు గని కార్మికులు జీతంలో పౌండుకి 3 పెన్నీల చొప్పున ఒక నిధిలో వేసుకునేవాళ్లు, ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా డాక్టరు ఖర్చు అందులోంచే. ఆ ఊళ్లో పుట్టిన అన్యూరిన్ బెవన్ ఆరోగ్య మంత్రి అయ్యాక అదే పద్ధతిని ఎన్‌హెచ్‌ఎస్ పేరుతో దేశమంతటికీ తెచ్చాడు, 1948 జూలై 5న. విండ్‌రష్ అనే ఓడలో కరీబియన్ దీవుల నుంచి జనం వచ్చి ఇక్కడ దిగి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు.

కానీ అదే ట్రెడీగర్‌లో 1882లో ఐరిష్ వాళ్ల ఇళ్ల మీద పడ్డారు, 1911లో యూదుల దుకాణాలు దోచారు. బెవన్‌కి అప్పుడు 13 ఏళ్లు. అంతా ఒకేలాంటి మనుషులు కాబట్టే అంత మంచి నిధి నడిచిందని టీవీలో ఎవరైనా చెబితే నాకు ఈ ఊరే గుర్తొస్తుంది. ఎక్కడెక్కడి నుంచో గనుల కోసం వచ్చి, కొట్టుకుని, మళ్లీ ఒకే డబ్బాలో పెన్నీలు వేసుకున్న ఊరది.

జనం ఒక్కసారిగా పెరిగితే ఇళ్లకీ స్కూళ్లకీ ఇబ్బందే, జీపీ, అంటే ఊళ్లో మామూలు డాక్టరు, అపాయింట్‌మెంట్ దొరక్క విసిగిపోయిన ముసలాయన్ని నేను తప్పుపట్టను. ఆయన మాట మనం వినాలి కూడా. నువ్వు మాత్రం ఆయన కోపాన్ని మనకంటే బలహీనుల మీదకి తోసి పక్కకి తప్పుకోకు.

మీ తాతయ్యకి ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆయన ఎంత పన్ను కట్టాడో గుంటూరులో ఎవరూ అడగలేదు. డిశ్చార్జ్ రోజు మామ్మ ఆ డాక్టరు చేతులు పట్టుకుని ఏడ్చింది.

ఈస్టర్‌కి వస్తావుగా, ఒకరోజు ట్రెడీగర్ వెళ్దాం. పులిహోర కట్టుకుని పొద్దున్నే బయలుదేరదాం.

అమ్మ