ప్యాకేజీ అంకెను విడదీసి రాయండి

సంపాదకులకు,

ప్లేస్‌మెంట్ల కాలం వచ్చిందంటే 'ఫలానా కాలేజీ విద్యార్థికి 45 లక్షల ప్యాకేజీ' అన్న వార్తలు జిల్లా పేజీల్లో కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు ఆ 45ని 12తో భాగించి నెలకు 3.75 లక్షలు వస్తాయనుకుంటారు. ఆ ధీమాతో ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

ఆ అంకెలో ఏముంటుందో ఒక నమూనా చూడండి. స్థిర వేతనం 18 లక్షలు, జాయినింగ్ బోనస్ 3 లక్షలు, నాలుగేళ్లలో విడతలుగా వచ్చే షేర్లు 24 లక్షలు. మొదటిది ఏటా వస్తుంది, రెండోది ఒక్కసారే, మూడోది నాలుగేళ్లకు కలిపి. ఈ మూడింటినీ కూడి ఏడాది జీతంగా చెప్పడం తప్పు.

స్థిర వేతనమైనా మొత్తం చేతికి రాదు. అందులో సగం, అంటే నెలకు 75 వేలు బేసిక్ (మూల వేతనం) అనుకుంటే 12 శాతం చొప్పున కంపెనీ వాటా పీఎఫ్ (భవిష్యనిధి) 9,000, ఉద్యోగి వాటా మరో 9,000, ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ పేరిట 4.81 శాతం లెక్కన 3,607 రూపాయలు చాలా ఆఫర్ లెటర్లలో ఆ 18 లక్షల్లోంచే పోతాయి. వృత్తి పన్ను 200, కొత్త విధానంలో ఆదాయపన్ను పదివేల చిల్లర. నెలకు ఖాతాలో పడేది సుమారు 1.18 లక్షలు. పీఎఫ్ ఎటూ మన సొమ్మే. గ్రాట్యుటీ మాత్రం శాశ్వత ఉద్యోగి అయిదేళ్లు నిండకముందే మానేస్తే రాదు.

అసలు చిక్కు షేర్లతోనే. ఏడాదికి 25 శాతం చొప్పున ఇచ్చే కంపెనీలో పన్నెండో నెల నిండకముందే బయటికొస్తే సాధారణంగా ఒక్క షేరూ దక్కదు. షేర్లు వెస్ట్ అయిన, అంటే మన సొంతమైన, రోజు ధరను జీతంగా లెక్కించి పన్ను వేస్తారు. 30 శాతం శ్లాబులో ఉంటే సెస్‌తో కలిపి 31.2 శాతం, అంటే 100 షేర్లలో 31, 32 అక్కడికక్కడే అమ్మి పన్నుకు జమ చేస్తారు. మిగిలినవాటి ధర మర్నాడు సగానికి పడిపోయినా కట్టిన పన్ను వెనక్కి రాదు. కంపెనీ అమెరికాలో నమోదైనదైతే ఒక్క షేరున్నా ఐటీఆర్-2 అనే పన్ను రిటర్ను వేసి, అందులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏలో జనవరి నుంచి డిసెంబరు లెక్కన చూపాలి. జీతగాళ్లు మామూలుగా వేసే ఐటీఆర్-1తో సరిపెట్టి నోటీసులు తెచ్చుకునేది కొత్తగా చేరిన పిల్లలే. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తగ్గిస్తామన్నాయి. అలాంటప్పుడు వెస్ట్ కాని షేర్లు మామూలుగా పోయినట్టే.

జాయినింగ్ బోనస్‌కూ ఒక షరతుంటుంది. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. పన్ను పోను చేతికి వచ్చింది రెండున్నర లక్షల లోపే అయినా, చాలా చోట్ల పూర్తి 3 లక్షలూ అడుగుతారు.

ఇంత చెప్పినా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగాన్ని వద్దనను. పది వరుసల కోడ్ మార్చినా మరో ఇద్దరు చూసి ఒప్పుకోవాలి, ముందు ఒక శాతం వినియోగదారులకు వదలాలి, తేడా వస్తే వెంటనే వెనక్కి తీసుకోవాలి. ఆ క్రమశిక్షణ చిన్న సంస్థలో అంత సులభంగా అబ్బదు. అయితే కంపెనీ సొంత పనిముట్లతోనే అయిదేళ్లు గడిస్తే, బయట అందరూ వాడేవి చేతికి అలవాటు కాకుండా పోతాయి. ఏ వేళ సమస్య వచ్చినా చూడాల్సిన వంతు, అంటే ఆన్‌కాల్ వారం వచ్చిందంటే అర్ధరాత్రి ఫోన్ మోగినా లేవాలి.

అన్నిటికంటే విలువైనదీ, ఎవరూ లెక్కలో వేయనిదీ గ్రూపు ఆరోగ్య బీమా. తల్లిదండ్రులను చేర్చే వీలుంటే, నాన్నగారికి పదేళ్లుగా షుగరూ బీపీ ఉన్నా చాలా పాలసీల్లో మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. అదే సొంతంగా కొనే పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. కానీ ఉద్యోగం పోతే సాధారణంగా ఆ బీమా కూడా పోతుంది. అందుకే ఉద్యోగంలో ఉండగానే ఇంట్లోవాళ్లకు వేరే పాలసీ ఒకటి తీసుకుంటే, ఆ మూడేళ్లూ ఈలోగా గడిచిపోతాయి.

కాబట్టి నా మనవి ఇదీ. ఇకపై ప్యాకేజీ వార్త రాసేటప్పుడు కాలేజీ ప్లేస్‌మెంట్ అధికారిని మూడు అంకెలు విడిగా అడగండి: ఏడాది స్థిర వేతనం ఎంత, ఒక్కసారి ఇచ్చేది ఎంత, షేర్లు ఎన్నేళ్లకు ఎంత. చెప్పకపోతే, చెప్పలేదని వార్తలోనే రాయండి.

— ఒక పేరోల్ ఉద్యోగి, గచ్చిబౌలి, హైదరాబాద్