దివసాల భోజనంలో వేపుడు తీసేశాం, పెరుగు తీయం

కర్నూలులో కల్లూరు నుంచి పాత ఊరి దాకా ఇన్నేళ్లుగా మమ్మల్ని దివసాల (చావు తర్వాతి కర్మల) వంటలకు, పెళ్లి వంటలకు పిలుస్తున్న అక్కలకు, అన్నలకు ఒక మాట చెప్పాలి. ఏప్రిల్‌లో వన్‌టౌన్‌లో ఒకరింట్లో పదకొండో రోజు భోజనాలకు పెరుగు అందలేదన్న సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. నేనూ విన్నా. మా వీధికి వచ్చేసరికి దానికి తోక కూడా మొలిచింది: "చావింటి కూడే కదా, ఎవరు అడగొచ్చార్లే అని నీళ్ల మజ్జిగ పోసినారంట." ఈ మాట పడి ఊరుకునే మనిషిని కాదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

అది 120 విస్తళ్ల ఆర్డరు. సంకల్‌బాగ్ ఘాట్ దగ్గర పిండాలు పెట్టి, స్నానాలు చేసి ఇంటివాళ్లు తిరిగొచ్చేసరికి పన్నెండు దాటుతుందన్నారు. ఒంటిగంటకు మొదటి బంతి. మనిషికి వంద మిల్లీలీటర్ల లెక్కన 12 లీటర్ల పెరుగు, పదకొండుకల్లా వాళ్ల ఇంటిముందు దించాలని సప్లయరుతో మాట. ఆయనేమీ కొత్తవాడు కాదు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేస్తే "ఏం వదినా, నీకు ఎప్పుడన్నా మాట తప్పినానా?" అన్నాడు. నిజమే, అప్పటిదాకా తప్పలేదు. మరుసటి రోజు పదకొండున్నరకు ఫోన్ ఎత్తి "బండి బయల్దేరింది" అన్నాడు. పన్నెండుకు ఎత్తలేదు. ఆ తర్వాత స్విచాఫ్. మొదటి బంతివాళ్లు సాంబారన్నం కలుపుకుంటుంటే ఆటో వచ్చి ఆగింది. క్యాన్ మూత తీస్తే పులిసిన వాసన మొహానికి కొట్టింది. పైన నీళ్లు తేలినాయి, కింద గడ్డలు. ఆ ఎండలో ఆ క్యాన్ ఎన్ని గంటలు తిరిగిందో ఏమో. అదే రోజు ఊర్లో ఒక పెద్ద పెళ్లి ఉండిందట. మంచి సరుకు అటు పోయింది, మిగిలింది మాకు వచ్చింది.

నాకు మింగుడుపడనిది ఇదే. పెళ్లిలో పెరుగు పులిస్తే మగపెళ్లివాళ్లు పందిరి పీకి పెడతారు. కర్మాంతరంలో పులిస్తే ఎవరూ నోరు తెరవరు, ఏడ్చి ఏడ్చి ఉన్న ఇంట్లో పెరుగు గురించి మాట్లాడటం ఏం బాగుంటుందని. ఆ లెక్క వేసుకునే ఆయన మాకు ఆ క్యాన్ పంపినాడు. ఊరు నా మీద వేసిన నింద ఉందే, అది ఆయన చేసిన పని.

క్యాన్ అట్లాగే ఆటో ఎక్కించి వెనక్కి పంపితిని. మా ఆయన స్కూటర్ మీద పాల బూత్‌లన్నీ తిరిగి, దొరికిన ప్యాకెట్లు దొరికినట్టు తెచ్చినాడు. రెండో బంతికి సరిపోయింది. చివరి బంతిలో సగం మందికి మజ్జిగే. ప్యాకెట్ పెరుగుతోనే చిలికాం, అల్లం, కొత్తిమీర వేశాం, నీళ్ల మజ్జిగ కాదు. ఆ ఇంటి పెద్దమనిషి ఒకాయన చెయ్యి కడుక్కుంటూ నాకు వినపడేటట్టే ఆ నీళ్ల మజ్జిగ మాట అన్నాడు. ఇంటామె మాత్రం ఒక్క మాటా అనలేదు. ఆమె అనకపోవడమే ఎక్కువ కష్టమనిపించింది. పెరుగు డబ్బులు తగ్గించి ఇమ్మంటే ఆమె కొడుకు ఒప్పుకోలేదు. నేనూ తగ్గలేదు. చివరికి తగ్గించే ఇచ్చినాడు.

ఆ సప్లయరుతో బేరం ఆ రోజుతోనే తెగింది. తర్వాత రెండుసార్లు మనిషిని పంపినాడు, చెప్పి వెనక్కి పంపేశా. ఇకమీదట పెరుగు మేమే తోడేస్తాం. ముందురోజు రాత్రి పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి దించి తోడు వేస్తే, ఎండాకాలం ఐదారు గంటల్లో గడ్డకడుతుంది. చలికాలం రాత్రంతా కావాలి, గిన్నెలకు గోనెపట్టాలు చుట్టాలి. లీటరు పాలకు లీటరు పెరుగు, అందులో మాయ ఏమీ లేదు. అయితే ఖర్చు పెరుగుతుంది. ప్యాకెట్లు కొనొచ్చు కదా అని మా పిల్లోడు అన్నాడు. 2022 జూలై 18న ప్యాకెట్ పెరుగు మీద కూడా 5 శాతం జీఎస్టీ వేసినారు. పైగా వంద మందికి ప్యాకెట్లు కత్తిరించుకుంటూ కూర్చుంటే వడ్డించేది ఎవరు?

మొత్తం మీద విస్తరికి నాలుగు రూపాయలకు పైనే తేడా వస్తోంది. ఇక్కడే నాకు, మా ఆయనకు చాలా రోజులు పడలేదు. ఆయనది ఒకటే మాట: 120 ఉన్న రేటు 125 చెయ్, ఎవరూ ఏమనరు. ఏమనరు, నాకూ తెలుసు. చావింట్లో రేటు అడిగి బేరమాడే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అందుకే పెంచను. అడగలేని వాళ్ల దగ్గర పెంచితే, ఆ సప్లయరుకు నాకు తేడా ఏముంది? మరి ఏదో ఒకటి తీయాలి. పాయసం తీయలేం. వడలు తీయలేం, వడ లేని కర్మ భోజనం ఈ జిల్లాలో ఎవరూ ఒప్పరు. కిలో మినప్పప్పుకు ఎన్నో వడలు రావు, అయినా సరే. పప్పు, సాంబారు, చారు లేకపోతే అది భోజనమే కాదు. మిగిలింది ఆలుగడ్డ వేపుడు. అదొక్కటే సగానికి సగం విస్తళ్లలో అట్లాగే మిగిలిపోవడం నేను రోజూ చూస్తున్నా. నూనె ఎక్కువ తాగేదీ అదే. "విస్తరి బోసిగా కనపడుతుంది" అన్నాడు మా ఆయన. కనపడనీ. వేపుడు ఉండే చోట బుడ్డల (వేరుశెనగ) పొడి వేస్తాం, పప్పన్నంలో అది కలుపుకొని తిన్నవాళ్లు వేపుడు అడగరు. ఇంకో కూర మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది, ఏ పూట మార్కెట్లో ఏది చవకైతే అది. ఉల్లి, వెల్లుల్లి వద్దనే ఇళ్లకు అవి లేకుండానే చేస్తాం, ముందే చెప్పండి.

పన్నీరు, గోబీ, ఫ్రైడ్ రైస్, ఐస్‌క్రీమ్ అడిగేవాళ్లకు కూడా ఒక మాట. డబ్బులు వేరే ఇస్తామన్నా దివసాలకు ఇక అవి చేయం. అడిగేది ఇంటివాళ్లు కాదు, హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చిన చుట్టాలు. పరువు వాళ్లది, అప్పు ఇంటివాళ్లది. ఆస్పత్రి బిల్లుకు గాజులు తాకట్టు పెట్టిన ఇంట్లో పన్నీరు వండిన రోజులు నాకు గుర్తున్నాయి. చేయనంటే చేయను. పెళ్లికి పిలవండి, మీరు ఏది చెప్తే అది వండుతా.

మిగతావి ఎప్పటిలాగే. చావింట్లో అడ్వాన్సు అడగం. మీరు వంద విస్తళ్లు చెప్తే నూటపదికి వండుతాం, లేచిన విస్తళ్లకే డబ్బులు. అరిటాకులు మహానంది వైపు నుంచి వస్తాయి. అవి దొరకని రోజు అడ్డాకు విస్తళ్లు. ప్లాస్టిక్ ప్లేట్లు 2022 జూలై నుంచే నిషేధం, అడగొద్దు. మాంసం మేము వండం. పెద్దదినానికి మాంసం పెట్టే ఇళ్లవాళ్లు వేరే వంట మాస్టర్‌ను చూసుకోవాలి, శాకాహారం వరకు మేము వస్తాం. చర్చి వాళ్ల ఆదరణ కూడికలకు ఉప్మా, టీ చేసిస్తున్నాం, చేస్తాం.

అన్నం ఒకేసారి వండి పెట్టమని ఇంటివాళ్లు తొందర చేస్తుంటారు. బంతి బంతికి వార్చుకుంటామని మేము మొండికేస్తాం, దానికి కారణం ఉంది. వందమందికి 14, 15 కేజీల బియ్యం వండి కుప్ప పోస్తే మధ్యలో వేడి చల్లారదు. అన్నంలో ఉండే ఒకరకం సూక్ష్మజీవి విత్తనం ఉడికినా చావదు, వెచ్చదనంలో పెరిగి విషం వదులుతుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే మధ్యాహ్నం అన్నం సాయంత్రం వచ్చే చుట్టాల కోసం దాచమంటే దాచం. అప్పటికి కావాలంటే రెండు కేజీల బియ్యం పక్కన పెడతాం, వేడిగా వండుకోండి.

పొయ్యి వెలిగించని మొదటి రోజుకు ఉగ్గాని (బొరుగుల తాళింపు), టీ పంపుతున్నాం కదా, అది ఆగదు. బజ్జీ లేకుండా, సరుకుల ఖర్చుకే. ఆ రోజు నా చేతి కూలీ లేదు, ఇదివరకూ లేదు.

పాత మెనూ చెప్పుకొని తేదీ ఖాయం చేసుకున్న వాళ్లకు వేపుడు ఉంటుంది, మాట తప్పం. ఈ సోమవారం తర్వాత చెప్పేవాళ్లకే కొత్త పద్ధతి. పెరుగుకు పాలు కాచాలి కాబట్టి విస్తళ్ల లెక్క ముందురోజు సాయంత్రం నాలుగులోపు చెప్పండి. చావు కబురుకు మాత్రం ఏ రాత్రయినా ఫోన్ చేయండి, ఎత్తుతా. పెళ్లి ఆర్డర్లు పొద్దున పది తర్వాత.