వర్షారణ్య ఛాయాగ్రహణ యాత్రలు: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

వర్షారణ్యాలకు మనం వెళ్లే ఫొటోగ్రఫీ యాత్రల వల్ల అక్కడి జీవులకు ఇబ్బంది కలగకుండా ఉండాలంటే ఏం చేయాలో ఆలోచించి, ఆ పద్ధతిలో ఒక యాత్ర నడిపి, అనుభవాన్ని ఉన్నదున్నట్టుగా మీ ముందు పెట్టాలని గత సర్వసభ్య సమావేశం కార్యవర్గాన్ని ఆదేశించింది. ఈ ఏడాది ఆ పని పూర్తి చేశాం. ఆదాయ వ్యయాల పట్టికను సమావేశంలో విడిగా సమర్పిస్తాం కనుక ఈ నివేదికను యాత్రకూ, దాని ఆధారంగా మేము కోరుతున్న నియమాల మార్పులకూ పరిమితం చేస్తున్నాం.

సన్నాహం గురించి ముందుగా చెప్పాలి. దట్టమైన వర్షారణ్యంలో పైకప్పులా కమ్ముకున్న కొమ్మల మీద పడిన ఎండలో నేలదాకా చేరేది నూటికి ఒకటి రెండు పాళ్లే. ఆ చీకట్లో ఫొటో తీయాలనుకునేవారికి మొదట కలిగే ఆలోచన ఫ్లాష్ వాడదామని, రెండోది జంతువుకు ఇంకాస్త దగ్గరగా జరుగుదామని. ఈ రెండింటి అవసరం లేకుండా పని నడిపించుకోవడమే శిక్షణ తరగతుల ముఖ్యోద్దేశం. ఐఎస్ఓ (కెమెరా వెలుగును గ్రహించే స్థాయి) బాగా పెంచి, వచ్చే గరుకుదనాన్ని తప్పుగా భావించకుండా తీయడం, ట్రైపాడ్ మీద నెమ్మది షట్టరుతో కదలని జీవిని పట్టుకోవడం, జంతువు ముఖం ఒక్కటే కాక అది బతికే చోటు కూడా చట్రంలోకి వచ్చేలా చూడడం సాధన చేయించాం. చల్లటి గదిలోంచి తేమ గాలిలోకి తెచ్చిన లెన్సు మీద ఆవిరి పట్టకుండా, లోపల బూజు చేరకుండా చూసుకోవడం అందరికీ తెలిసిందే కాబట్టి దాని మీద ఎక్కువ సమయం పెట్టలేదు.

బూట్ల శుభ్రత మీద మాత్రం ఒక పూట మొత్తం గడిపాం. కొందరికి ఇది అతి జాగ్రత్తగా తోచింది కనుక కారణాన్ని ఇక్కడ రాస్తున్నాను. కప్పల చర్మానికి సోకే కైట్రిడ్ అనే శిలీంధ్రం వల్ల కనీసం 501 ఉభయచర జాతులు తగ్గిపోయాయనీ, వాటిలో 90 జాతులు అంతరించినట్టే భావించాలనీ 2019లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. ఆసియాలోని కప్పలు దీన్ని చాలావరకు తట్టుకుంటాయి. మధ్య అమెరికా, ఆస్ట్రేలియా అడవుల్లోని ఎన్నో జాతులకు ఆ శక్తి లేదు. ఒక అడవి బురదను బూటు అడుగున పెట్టుకుని మరో ఖండంలోని వాగు దగ్గర దిగడమంటే ఏమిటో ఈ ఒక్క విషయం చెబుతుంది. ఒకటి కంటే ఎక్కువ అడవులు తిరిగే సభ్యులు మట్టి గీకి, కడిగి, క్రిమిసంహారక ద్రావణంలో ముంచి, పూర్తిగా ఆరబెట్టిన బూట్లతోనే బయలుదేరాలని అందుకే పట్టుబట్టాం.

యాత్రకు బోర్నియో దీవిలో ఉన్న మలేసియా రాష్ట్రం సబాను, అందులోనూ డానమ్ లోయనూ కినబటాంగన్ నదీ తీరాన్నీ ఎంచుకున్నాం. ఎక్కువ చోట్లు తిరగడం కంటే ఒక్కోచోట ఎక్కువ రోజులు ఉండడం మేలని ముందే అనుకున్నాం. వ్యవధి తక్కువైనకొద్దీ ‘ఈ పూట దొరక్కపోతే ఇక దొరకదు’ అనే ఆత్రం పెరుగుతుంది. అడవిలో జరిగే తప్పుల్లో చాలావాటికి ఆ ఆత్రమే మూలమని నా నమ్మకం.

డానమ్ లోయ సంరక్షణ ప్రాంతం 438 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న పల్లపు వర్షారణ్యం. 100.8 మీటర్ల ఎత్తుందని 2019లో కొలిచి తేల్చిన పసుపు మెరాంటి చెట్టు ఈ అడవిలోదే. అటువంటి చెట్ల మధ్య జంతువు కంటపడడమే అపురూపం. రెండు రోజులు జలగలను తట్టుకుంటూ నడిచాక మూడో రోజు ఉదయం, పిల్లను పొట్టకు కరిపించుకున్న ఒక ఆడ ఒరాంగుటాన్ కనిపించింది. ఈ జాతి తల్లి ఒక కాన్పుకూ మరో కాన్పుకూ మధ్య ఏడెనిమిదేళ్లు తీసుకుంటుంది. ఆ పిల్ల దాని జీవితంలో ఎంత విలువైనదో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. కాసేపటికి అది పెదవులు ముందుకు చాచి, ముద్దు పెట్టినప్పుడు వచ్చేలాంటి చప్పుడు చేయడం మొదలుపెట్టింది. ఆ ముఖకవళిక ఫొటోలో ఎంతో ముద్దుగా వస్తుంది. మాలో ఒకరిద్దరు సంతోషంగా ముందుకు జరిగారు కూడా. గైడు వెంటనే చేయి అడ్డుపెట్టి, అది ముద్దు కాదనీ, ‘మీరు నాకు నచ్చలేదు, వెళ్లండి’ అని చెప్పడమనీ, తరవాత కొమ్మలు విరిచి పడేస్తుందనీ వివరించారు. మేము వెనక్కి తగ్గి దూరంగా కూర్చున్నాం. చప్పుడు ఆగింది. అది ఆకులు కోసుకుని తినడం, పిల్ల తల్లి చేతిలోని ఆకు వంక చూడడం ఆ తరవాతే కనిపించాయి. మనిషి జలుబు కూడా ఈ జంతువులకు ప్రమాదమే కాబట్టి ఒరాంగుటాన్, గొరిల్లా, చింపాంజీల నుంచి కనీసం 10 మీటర్ల దూరం పాటించాలని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐ.యు.సి.ఎన్.) నిపుణులు 2020లో సూచించారు. మేము దాన్ని అతి తక్కువ దూరంగానే తీసుకున్నాం.

మా వల్ల జరిగిన ఒక పొరపాటును దాచకుండా చెప్పాలి. హార్న్‌బిల్ జాతుల్లో ఆడపక్షి చెట్టు తొర్రలోకి చేరాక తొర్ర ద్వారాన్ని మట్టి, రెట్ట, పండ్ల గుజ్జుతో సన్నని చీలిక మిగిలేలా మూసేస్తాయి. లోపలి తల్లీ పిల్లా నెలల తరబడి మగపక్షి తెచ్చే ఆహారం మీదే ఆధారపడతాయి. అటువంటి తొర్ర ఒకటి ఉందని తెలిసి మేము వెళ్లాం. ఆకుపచ్చ వలతో మరుగు కట్టుకున్నాం, చప్పుడు చేయలేదు, అన్నీ సరిగానే ఉన్నాయనుకున్నాం. మర్రి జాతి పండ్లను గొంతులో నింపుకుని వచ్చిన మగపక్షి ఎదుటి కొమ్మ మీద వాలి, తల అటూ ఇటూ తిప్పి చూసి ఎగిరిపోయింది. రెక్కల చప్పుడు ఆవిరియంత్రం రొదలా దూరమైంది. అరగంట తరవాత మళ్లీ వచ్చి మళ్లీ వెనుదిరిగింది. ఆ రెండుసార్లూ షట్టర్లు ఆగలేదు. అప్పుడు గానీ లోపల ఎదురుచూస్తున్న పక్షి సంగతి మాకు తట్టలేదు. మరుగు విప్పేసి వాగు అవతలికి వెళ్లాక, బైనాక్యులర్‌లో చూస్తుండగా, మగపక్షి వచ్చి చీలికలోంచి అందిన ముక్కుకు ఒక్కొక్క పండూ అందించింది. గూడు దగ్గరకు తీసుకువెళ్లిన నిర్ణయం కార్యవర్గానిదే కనుక ఆ బాధ్యత కూడా మాదే.

కినబటాంగన్ అనుభవం దీనికి పూర్తిగా భిన్నం. సబాలో అతి పొడవైన ఈ నది 560 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. సాయంత్రమయ్యేసరికి పొడవు ముక్కు కోతులు ఒడ్డున ఉన్న చెట్లకు నిద్రకు చేరతాయి, అదృష్టం బాగుంటే బోర్నియో మరుగుజ్జు ఏనుగులు కూడా నీటి అంచున కనిపిస్తాయి. ఒక్క పూటలో ఇన్ని జంతువులు దొరికేసరికి అందరం మురిసిపోయాం. అయితే ఇంత సులభంగా దొరకడానికి అడవి సమృద్ధిగా ఉండడం కారణం కాదు. దిగువ కినబటాంగన్ అభయారణ్యం 2005లో ఏర్పడింది. దాదాపు 26,000 హెక్టార్ల ఆ అడవి ముక్కలు ముక్కలుగా నది వెంబడి సాగుతుంది, చుట్టూ పామాయిల్ తోటలే. వెనక్కి వెళ్లే చోటు లేక జంతువులు ఒడ్డున కనిపిస్తున్నాయి. మనం తీసే అందమైన ఫొటోలో ఈ వాస్తవం కనిపించదు. అందుకే ఆ యాత్రాచిత్రాలతో పాటు ఒడ్డున సన్నని చెట్ల వరస, దాని వెనకే తోట, రెండూ ఒకే చట్రంలో ఉన్న ఫొటోను ప్రదర్శనలో మొదటి గోడ మీద పెట్టాం.

రాత్రి పడవ ప్రయాణం గురించి ఒక్క మాట. నీటిపైకి వంగిన రెమ్మ మీద నిద్రపోతున్న లకుముకి పిట్టను చేయి చాస్తే అందేంత దగ్గరనుంచి టార్చి వేసి చూపించడం అక్కడ వాడుకలో ఉంది. పిట్ట ఈకలు పొంగించుకుని బంతిలా కూర్చుని ఉంది. వెలుగు పడగానే ఒక కన్ను సగం తెరిచింది. టార్చి ఆర్పేయమని మేము కోరాం, పడవ నడిపేవారు సంతోషంగానే ఒప్పుకున్నారు. రాత్రి పడవ ప్రయాణాలను ఇకమీదట మన యాత్రల్లో చేర్చవద్దని కార్యవర్గం అభిప్రాయపడింది.

తిరిగి వచ్చాక అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది ఫొటో తీసిన చోటు వెల్లడించడం మీద. బోర్నియోలో మాత్రమే దొరికే చెవులు లేని ఉడుము శాస్త్రవేత్తలకే అరుదుగా చిక్కిన జీవి. 2012లో దాని తాజా ఆచూకీ, ఫొటోలు ప్రచురితమయ్యాక కొద్దికాలానికే అది అక్రమంగా విదేశీ పెంపుడు జంతువుల వ్యాపారంలో కనిపించసాగింది; చివరకు 2016లో దాన్ని వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రక్షణలోకి తేవలసి వచ్చింది. ఫొటోను ప్రపంచానికి చూపించాలన్న మన ఉత్సాహం వేటగాడికి దారి చూపించే పటమైపోవచ్చు. ఫైల్‌లోంచి జీపీఎస్ వివరాలు తీసేయకుండా ఏ ఫొటోనూ సంఘం స్వీకరించకూడదన్నది మా మొదటి ప్రతిపాదన. అరుదైన సరీసృపాలు, ఉభయచరాలు, గూళ్ల విషయంలో రాష్ట్రం లేదా దేశం పేరుకు మించి రాయకూడదు.

రెండో ప్రతిపాదన ప్రదర్శన శీర్షికలకు సంబంధించినది. జీవి స్వేచ్ఛగా ఉందా, బంధంలో ఉందా, ఫ్లాష్ వాడారా, ఎర వేశారా, రికార్డు చేసిన కూత వినిపించి రప్పించారా అన్నది ప్రతి ఫొటో కింద రాయాలి. కప్పలను చల్లబరిచి, దారాలతో కట్టి, నవ్వు పుట్టించే భంగిమల్లో కూర్చోబెట్టి తీసే చిత్రాలు లోకానికి కొత్తేమీ కాదు. 2017లో ఒక ప్రసిద్ధ అంతర్జాతీయ వన్యప్రాణి ఫొటోల పోటీలో బహుమతి పొందిన చీమలతినే జంతువు నిజానికి గడ్డి కూరిన నమూనా అని నిపుణులు తేల్చడంతో 2018లో ఆ బహుమతిని రద్దు చేశారు. చూసేవారి నమ్మకమే మన కళకు ఆధారం, అందుకే ఈ నిబంధనలో మినహాయింపు ఉండకూడదని కోరుతున్నాం.

మూడోది: గుడ్లు పెట్టి లేదా పిల్లలను సాకుతూ ఉన్న ఏ గూటి వద్దకూ సంఘం యాత్ర వెళ్లకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు, స్థానిక గైడు వెనక్కి తగ్గమంటే కారణం అడగకుండా తగ్గాలి. గైడు మాట జవదాటిన సభ్యునికి మరుసటి యాత్రలో చోటు ఉండదు. దూరంనుంచి తీసే గూటి ఫొటోలకు మినహాయింపు ఇవ్వాలని ఇద్దరు కార్యవర్గ సభ్యులు వాదించారు. వారి అభిప్రాయాన్ని కూడా నమోదు చేసి ఓటింగుకు పెడుతున్నాం.

హార్న్‌బిల్ తొర్ర దగ్గర తీసిన ఫొటోలను ప్రదర్శనలో ఉంచలేదు. చూడాలనుకునే సభ్యులు కార్యదర్శిని అడగవచ్చు. వాటిని వచ్చే ఏడాది శిక్షణ తరగతిలో కొత్తవారికి చూపించడానికి అనుమతి కోరుతూ, ఈ నివేదికను సభ్యుల ఆమోదానికి సమర్పిస్తున్నాను.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి