నాన్న పాటల నోట్‌బుక్, మీ అందరి రుణం

నాన్న పోయి నిన్నటికి పదహారు రోజులు. పెద్దకర్మ అయిపోగానే రాద్దామనుకున్నా కానీ ఎవరి పేరు మర్చిపోతానో అని ఒకటే టెన్షన్. తీరా మీలో సగం మంది మా పేర్లు పెట్టొద్దమ్మా అన్నారు, అందుకే పేర్లు లేకుండానే రాస్తున్నా, చదివితే ఎవరి సంగతి వాళ్లకి అర్థమైపోతుంది.

చిక్కడపల్లి, రాంనగర్, ముషీరాబాద్ వాళ్లకి నాన్న గురించి చెప్పక్కర్లేదు. పగలు ఆర్టీసీలో గుమాస్తా, సాయంత్రమైతే ఆర్కెస్ట్రాలో ఘంటసాల పాటలు. గణేశ్ నవరాత్రులొస్తే రోజుకో మండపం, పెళ్లిళ్ల సీజన్‌లో అయితే మాకు కనపడేవాడే కాదు. ఘంటసాల గారు పోయింది 1974 ఫిబ్రవరి 11న. ఏటా ఆ రోజు త్యాగరాయ గానసభలో టికెట్ లేకుండా ప్రోగ్రాం పెట్టేవాడు, ఒకసారి దానికోసం పీఎఫ్ లోన్ తీశాడని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. దెప్పేది, అనాలేమో.

మా ఇంట్లో దేనికి కరువున్నా శాలువాలకు మాత్రం లేదు. పాడిన ప్రతిచోటా ఒకటి కప్పేవాళ్లు. హార్మోనియం మీద శాలువా, కూలర్ మీద శాలువా, చలికాలం వాచ్‌మన్ తాతకి శాలువా. డబ్బులు కవర్లో ఎంతున్నా ముందు వాయించినవాళ్లకి పంచేసి, మిగిలితే ఇంటికి తెచ్చేవాడు. కానీ పెళ్లి భోజనంలో తన విస్తట్లో వేసిన లడ్డూ మాత్రం తినకుండా జేబురుమాల్లో కట్టుకొచ్చి, రాత్రి రెండింటికి నిద్రలో ఉన్న నాకూ చెల్లికీ చిదిమి నోట్లో పెట్టేవాడు. పొద్దున లేచేసరికి నోరు తియ్యగా ఉంటే నాన్న వచ్చాడని లెక్క.

ఆస్పత్రిలో 19 రోజులు. బి నెగటివ్ రక్తం కావాలన్నారు, వాట్సాప్‌లో పెట్టిన గంటన్నరకే ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కి ఒక తమ్ముడు వచ్చాడు. రక్తం ఇచ్చి, డ్యూటీకి టైమైందక్కా అని, ఇచ్చిన ఫ్రూటీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నంబర్ కూడా తీసుకోలేదు నేను. తమ్ముడూ, ఇది నీ దాకా చేరితే ఒక్కసారి ఇంటికి రా.

చివరి రాత్రి బిల్లు మొత్తం కడితేగానీ బాడీ ఇవ్వమన్నారు. దాని గురించి ఎక్కువ రాయను, రాస్తే కోపం వస్తుంది. అప్పుడు రాత్రి పన్నెండున్నర. కీబోర్డ్ అన్న ఎవరెవర్ని నిద్ర లేపాడో, తెల్లారేలోపు డబ్బు సర్దాడు. మా గల్లీ మెడికల్ షాప్ ఆయన ఆ రోజు గల్లాపెట్టె మొత్తం కవర్లో పోసి పంపారు, చిల్లర నాణేలతో సహా. ఎంతిచ్చారని అడిగితే కీబోర్డ్ అన్న లెక్క చెప్పట్లేదు, "మీ నాయన నాకు ఒక్కనాడు పైసలు ఆపలే, గిప్పుడు నువ్వు లెక్కలడుగుతవా" అని కసిరాడు. అన్నా, ఆ లెక్క నాకు కావాలి, వదలను.

నాన్నకి ఒక బాధ ఉండేది. ఘంటసాల అంత ప్రాణం పెట్టి పాడిన భగవద్గీతని మనవాళ్లు చావింటి గుర్తు చేసేశారని. పొద్దున్నే ఎవరింట్లోనైనా గీత వినపడితే చాలు, ఎవరు పోయారని తొంగిచూస్తారు, నేను పోయినప్పుడు మాత్రం అది పెట్టకండి అనేవాడు. ఆ రోజు ఎవ్వరికీ గుర్తు లేదు, బండి డ్రైవర్ అలవాటుగా పెట్టేశాడు. తబలా అంకుల్ పరిగెత్తుకొచ్చి ఆపించారు. రాంనగర్ నుంచి అంబర్‌పేట శ్మశానం దాకా వెనకాల ఆర్కెస్ట్రా వాళ్లే పాడుకుంటూ వచ్చారు, మైకు లేదు, ఒకరి శ్రుతి ఒకరితో కలవలేదు, నాన్న ఉంటే తిట్టేవాడు. కొడుకు లేడు కదా, మరి ఎవరు పెడతారు అని వెనక నుంచి ఎవరో అంటుంటే, ఏమీ అనకుండా కుండ తెచ్చి నా భుజం మీద పెట్టిన పంతులు గారికి నా దండాలు.

ఒక పని మిగిలింది. నాన్న పాటల నోట్‌బుక్ ఇన్నాళ్లకి తెరిచాను. ప్రతి పాట పైన మూలకి ఎర్ర పెన్నుతో శ్రుతి రాసుంది. మొదట్లో డి. అది కొట్టేసి సి షార్ప్. అదీ కొట్టేసి సి. బైపాస్ అయిన తర్వాతవి బి, చేతిరాత కూడా వణికింది. గొంతు దిగుతోందని మాకెప్పుడూ చెప్పలేదు.

ఈసారి ఫిబ్రవరి 11 ప్రోగ్రాం ఆపొద్దని మీరంతా అన్నారు కదా, సరే, అమ్మ కూడా ఊ అంది. నోట్‌బుక్ ఆ రోజు స్టేజీ మీద స్టాండు మీదే పెడతా. ఎవరికి కావాల్సిన పాట వాళ్లు తీసుకోండి. ఎర్ర పెన్ను కూడా అక్కడే ఉంటుంది, నాన్న శ్రుతి మీకు కుదరకపోతే కొట్టేసి మీది రాసుకోండి.