జో టెక్స్‌ని ఎక్కడ మొదలుపెట్టాలంటే

మావా,

అమెరికా సోల్ గాయకుడు జో టెక్స్ గురించి నువ్వు రాసింది చదివాను. "పాపం, జేమ్స్ బ్రౌన్ తొక్కేశాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. సోల్ పాటలు (అమెరికా నల్లజాతివాళ్లు చర్చి పాటల ఒరవడిలో పాడేవి) వినేవాళ్లు ఈమధ్య చాలామంది అదే అంటున్నారు. నాకైతే అలా అన్న ప్రతిసారీ జో టెక్స్‌కి ఇంకోసారి అన్యాయం జరుగుతోందనిపిస్తుంది. మళ్లీ బ్రౌన్ కథలో పక్కపాత్ర అయిపోతున్నాడు చూడు!

ఈ ఇద్దరు గాయకుల మధ్య గొడవ ఉన్నమాట నిజమే. 1960లో బ్రౌన్, టెక్స్ మాజీ భార్య బీ ఫోర్డ్‌తో కలిసి 'యూవ్ గాట్ ద పవర్' పాడాడు. 1962లో టెక్స్ 'యూ కీప్ హర్' అంటూ పాటతోనే బదులిచ్చాడు. మైకు స్టాండుని పడేసి నేలకి తగిలేలోపు కాలితో అందుకునే విద్య తనదేననీ, బ్రౌన్ దాన్ని ఎత్తుకుపోయాడనీ టెక్స్ వాదన. జార్జియాలోని మేకన్‌లో ఒకసారి చిరిగిన దుప్పటి కప్పుకుని, బ్రౌన్ వేదిక మీద కేప్ (భుజాల మీది పైవస్త్రం) కప్పించుకునే నాటకాన్ని టెక్స్ వెక్కిరించాడనీ, ఆ రాత్రి క్లబ్బులో తుపాకులు పేలాయనీ చెప్పుకుంటారు. అందరూ ఇక్కడే ఆగిపోతారు. నువ్వు ఆగకు.

నీ చెవులతో నువ్వే తేల్చుకోగలిగింది ఒకటుంది, 'బేబీ యూర్ రైట్'. టెక్స్ రాసి, అన్నా అనే లేబుల్‌కి (రికార్డు కంపెనీకి) పాడాడు. 1961లో బ్రౌన్ దాని బాణీ, మాటలు కొంత మార్చి, రచయితల్లో తన పేరూ చేర్చి, ఆర్ అండ్ బీ చార్టులో (నల్లజాతివాళ్ల సంగీతంలో ఏ పాట ఎంత ఆడిందో చెప్పే పట్టికలో) 2వ స్థానం దాకా తీసుకెళ్లాడు. రెండూ వెంటవెంటనే విను. బ్రౌన్‌ది ఎవరిదో మొదటి కూతకే తెలిసిపోతుంది. టెక్స్‌కి మాత్రం అప్పటికింకా సొంత గొంతు దొరకలేదు. 1955 నుంచి కింగ్, ఏస్ లేబుళ్లకి పాడినవీ అంతే, ఎవరో ఒకరి నీడ పడుతూనే ఉంటుంది. (అన్నట్టు, 'ఫీవర్' అనే పేరుమోసిన పాట తనే రాసి అద్దె కట్టడానికి అమ్మేశానని ఆయన చెప్పుకునేవాడు. పాట మీదున్న పేర్లు వేరేవాళ్లవి. ఆయన పాడిన 'న్యుమోనియా' దానికి జవాబుపాట, అంతవరకే మనం గట్టిగా చెప్పగలిగేది. వాదనకి దిగితే 'ఫీవర్' జోలికి పోకు.)

సొంత గొంతు దొరికింది 1964 నవంబరులో, అలబామాలోని మజిల్ షోల్స్, ఫేమ్ స్టూడియోలో. తీసుకెళ్లినవాడు బడ్డీ కిల్లెన్. నాష్‌విల్‌లో కంట్రీ పాటల ప్రచురణ చూసుకునే మనిషి, టెక్స్ కోసమే డయల్ అనే లేబుల్ పెట్టాడు. ఆ పాట 'హోల్డ్ వాట్ యూవ్ గాట్'. ఇది ఆడదు, బయటపెట్టొద్దని టెక్సే అన్నాడు. కిల్లెన్ వినలేదు. టెక్స్‌కి సంగతి తెలిసేసరికి 2 లక్షల కాపీలు అమ్ముడైపోయాయి. 1965లో పాప్ చార్టులో 5వ స్థానం!

దీన్ని హెడ్‌ఫోన్స్‌లో విను. పల్లవి అయ్యాక పాడటం ఆపేసి మాట్లాడటం మొదలుపెడతాడు. ముందు మగాళ్లకి చెబుతాడు, ఇంట్లో మంచి మనిషిని పెట్టుకుని వదిలేసి పోకండ్రా అని. తర్వాత అదే మాట ఆడవాళ్లకి. హరిదాసు చిడతలు ఆపకుండానే పిట్టకథలోకి దిగినట్టు ఉంటుంది. వెనక వాద్యాలు నెమ్మదిగా సాగుతూనే ఉంటాయి, ఆయన మాట మాత్రం ఎక్కడా తాళం దాటదు. మాటకీ పాటకీ మధ్య ఎక్కడ గీత గీయాలో నీకు దొరకదు. బ్రౌన్ గొప్పతనం లయలో ఉంది, టెక్స్‌ది మాటలో. ఇద్దరూ ఒకే బరిలో లేరు, అందుకే ఎవరు గెలిచారన్న ప్రశ్న నాకు రుచించదు.

చార్టుల లెక్క తీసేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. 1963 నవంబరు చివర్నుంచి 1965 జనవరి దాకా బిల్‌బోర్డ్ పత్రిక ఆర్ అండ్ బీ చార్టే వేయలేదు. ఈ పాట ఆ ఖాళీ చివర్లో వచ్చింది. కాబట్టి ఆర్ అండ్ బీ అంకెలు పట్టుకుని దీని సత్తా కొలవకు.

ఆ తర్వాత 'ఐ వాంట్ టు', 'ఎ స్వీట్ ఉమన్ లైక్ యూ' విను, రెండూ ఆర్ అండ్ బీలో మొదటి స్థానం కొట్టినవి. 1966 నాటి 'ద లవ్ యూ సేవ్' మాత్రం రాత్రిపూట, ఒంటరిగా విను. ప్రేమ గురించి మొదలై, దెబ్బలు తిన్న మనిషి గోడులోకి వెళ్లిపోతుంది. నా లెక్కలో ఆయన పాడినవాటిలో అదే శిఖరం. 1967 నాటి 'స్కిన్నీ లెగ్స్ అండ్ ఆల్' జనం ముందు పాడినట్టుంటుంది గానీ, ఆ ఈలలూ కేకలూ స్టూడియోలో కలిపినవి. 1972లో 'ఐ గాచా' పాప్‌లో 2వ స్థానం. అది అసలు 'ఎ మదర్స్ ప్రేయర్' రికార్డుకి రెండో వైపు పాట.

మరి ఇన్ని హిట్లున్న మనిషి మరుగున ఎందుకు పడ్డాడు? సరిగ్గా ఆ 'ఐ గాచా' ఊపులోనే పాటలు వదిలేసి, యూసుఫ్ హజీజ్ అనే పేరుతో ఇస్లాం బోధకి వెళ్లిపోయాడు. 1975లో ఆ మత సంస్థ నాయకుడు ఎలైజా ముహమ్మద్ పోయాకే మళ్లీ పాడాడు. 1977 నాటి డిస్కో హిట్ 'ఎయింట్ గొన్నా బంప్ నో మోర్', లావు ఆడమనిషి మీద పాడిన ఆ పాట, ఆయన్ని నవ్వించే గాయకుడిగానే జనానికి గుర్తుండిపోయేలా చేసింది. ఇంకోటి, డయల్ రికార్డులు అట్లాంటిక్, తర్వాత మెర్క్యురీ, ఆపైన ఎపిక్ అనే వేరువేరు కంపెనీల ద్వారా వచ్చాయి. పాటలు ఇన్ని చోట్లకి చెదిరిపోతే అన్నీ కలిపి ఒకేచోట వినే అవకాశం ఎక్కడిది? 1982లో పోయాడు. గొప్ప సంగీతకారులకి గౌరవంగా చోటిచ్చే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి 2017 దాకా ఆరుసార్లు పేరు వెళ్లింది, ఆరుసార్లూ లోపలికి తీసుకోలేదు. బ్రౌన్ 1986లో మొదటి జట్టులోనే ఉన్నాడు. నాకు కోపమొచ్చేది ఇక్కడే, ఇది బ్రౌన్ చేసింది కాదు.

సంకలనం కొనేముందు వెనక జాబితా చూడు. 'డేవీ యూ అప్‌సెట్ మై హోమ్' లాంటివి కనబడితే అది కింగ్ కాలం సరుకు, దాంతో మొదలుపెట్టకు. 1968 నాటి 'సోల్ కంట్రీ' ఆల్బమ్ దొరికితే మాత్రం వదలకు. నాష్‌విల్ పాటలు ఆ గొంతులో ఎంత సొంతమైపోయాయో వింటేనే తెలుస్తుంది. 'ద లవ్ యూ సేవ్' విన్న రోజే నాకు రాయి.

ఉంటా మరి.