తవ్వే ముందు పర్ర నేలను పరీక్షించండి

సంపాదకులకు నమస్కారం.

సముద్రతీరంలో ఖాళీగా పడి ఉన్న పర్ర భూములను, అంటే పోటు నీరు ఎక్కి దిగే ఉప్పు నేలలను, వాడుకలోకి తేవాలంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ వ్యాసంలో భూమి విస్తీర్ణం ఉంది, పెట్టుబడి లెక్క ఉంది, వచ్చే ఉద్యోగాల లెక్క ఉంది. మట్టి గురించి మాత్రం ఒక్క వాక్యం లేదు. మాది కృష్ణా జిల్లా నాగాయలంక మండలం. చాలా ఏళ్ళుగా అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంటూ ఒక మట్టి పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. ఉప్పు పర్రల అడుగున ఉండే మట్టిని పైకి తీసి చూడటమే నా పనిలో ఎక్కువ భాగం. అందుకే ఊరుకోలేకపోయాను.

ఇక్కడి తీరంలో పోటుకు మునిగి ఆటుకు తేలే గడ్డి మైదానాలు ఉంటాయి. స్పార్టినా అనే గడ్డిలో ఒక రకం రోజుకు రెండుసార్లు నీళ్ళు వచ్చే అంచున నిటారుగా పెరుగుతుంది. ఇంకో రకం అమావాస్య, పున్నముల పెద్ద పోటుకు మాత్రమే తడిసే మెరక మీద, సన్నగా, సుడులు తిరిగి పడుకుని ఉంటుంది. ఐరోపా నుంచి తొలిగా వచ్చి స్థిరపడిన రైతులు ఈ రెండో రకాన్ని కోసి పశువులకు వేసేవారు. పైనుంచి చూసేవారికి గడ్డి, కొంగలు, వంకర కాలువలు తప్ప ఏమీ కనిపించవు.

అర్ధచంద్రాకారపు ఉక్కు గొట్టాన్ని నేలలోకి దించి, తిప్పి, పైకి లాగి తెరిస్తే అసలు సంగతి తెలుస్తుంది. లోపల ఉండేది నానబెట్టిన కొబ్బరి పీచులాంటి గోధుమరంగు పదార్థం. అంతా వేళ్ళు, వేళ్ళ ముక్కలు, వాటి మధ్య పట్టి ఉన్న నీళ్ళు. వేళ్ళ మధ్య నలిపి ఎంత పీచు మిగిలిందో చూసి, ఎంత కుళ్ళిందో అంచనా వేస్తాం. కొన్నిచోట్ల మనిషి నిలువు లోతు దాటినా ఇదే వస్తుంది. వుడ్స్‌హోల్ సముద్ర పరిశోధన సంస్థలో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త ఇదే రాష్ట్రంలో కేప్ కాడ్ అనే తీరప్రాంతంలోని బార్న్‌స్టబుల్ పర్రను ఏళ్ళ తరబడి పరిశోధించి, అది దాదాపు 4,000 ఏళ్ళుగా పెరుగుతూ వచ్చిందని 1972లో వివరంగా ప్రచురించాడు.

మన భూసార పరీక్ష కార్డుల్లో సేంద్రియ కర్బనం 0.75 శాతం దాటితే ‘ఎక్కువ’ అని రాస్తారు. ఒక నేలను సేంద్రియ నేలగా లెక్కించాలంటే అందులోని బంకమట్టి పాళ్ళను బట్టి ఆ కర్బనం కనీసం 12 నుంచి 18 శాతం దాకా ఉండాలి. ఈ పీచు నేలలో అంత కర్బనం కుళ్ళిపోకుండా నిలవటానికి కారణం నీళ్ళే. పర్రలో పైన కొద్ది మిల్లీమీటర్లలోనే ప్రాణవాయువు అయిపోతుంది. కింద ఉన్న సూక్ష్మజీవులు దానికి బదులు సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుంటాయి. లీటరు సముద్రపు నీటిలో అది సుమారు 2.7 గ్రాములు ఉంటుంది కాబట్టి వాటికి కొరత రాదు. అయితే ఆ దారిలో పని చాలా నిదానంగా సాగుతుంది. చచ్చిన వేరు పూర్తిగా కుళ్ళకముందే దాని పైన కొత్త వేరు వస్తుంది. నేల అలా వేరు మీద వేరుగా పైకి లేస్తుంది. బోస్టన్ దగ్గర గత శతాబ్దంలో సముద్రమట్టం సగటున ఏడాదికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. పర్ర దానితో పాటు పెరగగలిగిందంటే ఈ వేళ్ళ వల్లే.

మీ పాఠకులు ముఖ్యంగా గమనించవలసింది ఇప్పుడు చెప్పబోయేది. ఆ సూక్ష్మజీవులు సల్ఫేటును వాడుకున్నాక, అందులోని గంధకంతో కుళ్ళిన కోడిగుడ్డు వాసన గల వాయువు పుడుతుంది. మడ అడవిలో కాలు దిగబడినప్పుడు వచ్చే వాసన అదే. ఆ వాయువు మట్టిలోని ఇనుముతో కలిసి చివరికి పైరైటు అనే ఖనిజంగా మారి మట్టిలోనే ఉండిపోతుంది. నీళ్ళ కింద ఉన్నంతకాలం దానివల్ల హాని లేదు. నీళ్ళు తీసేసి గాలి తగలనిస్తే అది గంధకామ్లంగా మారుతుంది. వందల, వేల ఏళ్ళుగా పోగుపడిన గంధకమంతా కొన్ని నెలల్లో, కొన్నేళ్ళలో ఆమ్లమై దిగుతుంది. ఆ ఆమ్లం మట్టిలోని అల్యూమినియాన్ని, ఇనుమును కరిగించి కాలువల్లోకి తోస్తుంది. చేపల మొప్పలకు అల్యూమినియం విషం.

కేప్ కాడ్‌లో వెల్‌ఫ్లీట్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ హెర్రింగ్ నది సముద్రంలో కలిసే చోట 1909లో అడ్డంగా కట్ట వేశారు. దోమలు తగ్గుతాయని, పర్ర ఆరి భూమి పనికి వస్తుందని వారి ఆశ. ఆ కట్ట వెనుక వెయ్యి ఎకరాలకు పైగా పర్ర ఉంది. పోటు రావడం ఆగిపోయింది, పీచు ఎండింది, గాలి తగిలి కుళ్ళింది, కుంగింది. కొన్నిచోట్ల నేల మూడడుగుల దాకా దిగిపోయింది. పైరైటు ఆమ్లంగా మారి నదిలోకి వచ్చి చేపలు చచ్చాయి. దోమలైనా పోయాయా అంటే, వాటి పిల్లలను తినే చేపలే లేకపోతే దోమలు ఎలా పోతాయి? నూరేళ్ళు దాటాక, 2023లో ఆ కట్ట స్థానంలో తలుపులున్న వంతెన కట్టి పోటును తిరిగి లోపలికి తెచ్చే పని మొదలుపెట్టారు. ఒకేసారి తెరిస్తే కుదరదు. కుంగిన నేల మీదికి నీళ్ళు ఒక్కసారిగా వస్తే పైన గడ్డి మొలవడానికి చోటు ఉండదు, మునిగి చెరువైపోతుంది. అందుకని ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తలుపులు ఎత్తుకుంటూ పోవాలి. కట్ట వేసిన తరంలో ఒక్కరూ ఇప్పుడు లేరు. ఖర్చు భరిస్తున్నది వారి మునిమనుమలు.

ఇది చలిదేశపు కథ అని తోసిపుచ్చకండి. కేరళలో కుట్టనాడ్ ఉంది. అక్కడి కరి నేలలు నల్లగా, సేంద్రియ పదార్థంతో, పాతకాలపు చెట్ల దుంగలతో సహా ఉంటాయి. ఒకప్పుడు సముద్రపు పోటు నీటిలో ఉన్నవే. ఆ నేలలు ఆరితే ఎంత ఆమ్లం దిగుతుందో అక్కడి వరి రైతుకు చెప్పనక్కరలేదు. సున్నం చల్లుతారు, నీళ్ళు పెట్టి తీసి కడుగుతారు, మళ్ళీ చల్లుతారు.

మన కృష్ణా, గోదావరి మొగల దగ్గర నేల ఇక్కడిలాగా ఒట్టి పీచు కాదన్న సంగతి నాకు తెలుసు. మనది నదులు తెచ్చి పోసిన ఒండ్రు. బంకమట్టి ఎక్కువ, కర్బనం తక్కువ. కానీ పైరైటు పుట్టడానికి పీచే అక్కరలేదు. సముద్రపు సల్ఫేటు, ఇనుము, కొంత సేంద్రియ పదార్థం, గాలి ఆడని బురద ఉంటే చాలు. మడ అడవుల అడుగున ఇవన్నీ ఉన్నాయి. ఇంకో మాట. మన పర్రలను ఇంతకాలం పైకి లేపింది వరదల ఒండ్రు. ఇప్పుడు అందులో పెద్ద భాగం ఆనకట్టల వెనుక, జలాశయాల అడుగున ఆగిపోతోంది. ఒండ్రు తగ్గిన కొద్దీ మడ వేళ్ళు, ఉప్పు మొక్కల వేళ్ళు మట్టిలో దాచుకునే సేంద్రియ పదార్థం మీదే ఆ నేల ఎత్తు ఎక్కువగా ఆధారపడుతుంది. సరిగ్గా ఈ సమయంలోనే దాన్ని తవ్వి ఆరబెట్టాలని మనం అనుకుంటున్నాం.

మా పెదనాన్నగారి అబ్బాయి, నాకు అన్న వరస, చాలాకాలం క్రితం మడ కొట్టిన చోట రొయ్యల చెరువు తవ్వించాడు. అడుగు మట్టినే తీసి కట్ట పోశారు. ఆ కట్ట మీద గడ్డి కూడా పట్టలేదు. తొలకరి వానకు కట్ట మీదినుంచి జారిన నీళ్ళు తుప్పు రంగులో చెరువులోకి దిగేవి, ఆ వారంలో రొయ్యలు తేలేవి. సున్నం బస్తాలు బస్తాలు పోశాడు. చివరికి చెరువు వదిలేశాడు, అప్పు మాత్రం మిగిలింది. అది ఈ ఆమ్లం వల్లనా, ఉప్పు వల్లనా, రోగం వల్లనా అన్నది ఇప్పుడు నేను ఊహించి చెప్పను. తవ్వే ముందు ఎవరైనా ఒక్కసారి ఆ మట్టిని సరిగా పరీక్షించి ఉంటే అన్నకు తెలిసేది. అతనికి సరుకు అమ్మడానికి వచ్చినవారంతా మేత గురించి, రొయ్య పిల్ల గురించి, నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల గురించి చెప్పారు. అడుగున ఏముందో చెప్పినవారు లేరు.

పరీక్ష కష్టమైనది కాదు. తవ్వబోయే లోతు దాకా పొరపొరగా మట్టి తీయాలి. తీసిన వెంటనే, తడిగా ఉన్నప్పుడే ఆమ్లత్వాన్ని తెలిపే ఉదజని సూచిక (pH) కొలవాలి. చాలావరకు 7 దగ్గర వస్తుంది, చూసినవాడు బాగుందని సంతకం పెడతాడు. ప్రమాదం అక్కడే ఉంది. అదే మట్టిని సెంటీమీటరు మందాన పరిచి, తడి ఆరిపోకుండా, గాలి తగిలేలా 16 వారాలు ఉంచి మళ్ళీ కొలవాలి. సూచిక 4 కి, అంతకంటే కిందికి పడితే ఆ నేలలో గంధకం దాగి ఉన్నట్టే. దాన్ని తవ్వకూడదు, ఆరబెట్టకూడదు. ఇంత తీరిక లేదంటే హైడ్రోజన్ పెరాక్సైడు పోసి చూసే తక్షణ పరీక్ష ఉంది, అయితే అది తెలిసినవారే జాగ్రత్తగా చేయాలి. మనకు భూసార పరీక్షా కేంద్రాలు ఉన్నాయి, ఉప్పు నీటి మీద, చౌడు నేలల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న పరిశోధకులు బాపట్లలో ఉన్నారు. కొత్తగా కట్టవలసింది ఏదీ లేదు.

తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్లు, 2011 నాటిదీ 2019 నాటిదీ, మడ అడవులతో పాటు ఉప్పు చిత్తడి నేలలను కూడా పేరు పెట్టి అత్యంత సున్నిత ప్రాంతాల్లో చేర్చాయి. రెవెన్యూ రికార్డులో పోరంబోకు అని ఉన్నంత మాత్రాన ఆ రక్షణ పోదు. మీ వ్యాసకర్త ఈ విషయాన్ని ప్రస్తావించి ఉండవలసింది.

కరకట్టలు వద్దని నేను అంటున్నట్టు ఎవరూ అనుకోవద్దు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో మా ఇంట్లోవాళ్ళను పోగొట్టుకున్న కుటుంబం మాది. దివిసీమలో కట్ట విలువ నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఊళ్ళకు, పొలాలకు కట్ట ఉండాలి. కట్టకు సముద్రం వైపున పర్ర, మడ కూడా ఉండాలి, వాటికి పోటు అందాలి. పర్ర మీదుగా రోడ్డు వేసేటప్పుడు సన్నని తూము ఒకటి పెట్టి సరిపెట్టడం మాని, పోటు నీరు ధారాళంగా వచ్చిపోయేంత వెడల్పున వంతెన కట్టమని అడుగుతున్నాను.

మడ మొక్కలు నాటే కార్యక్రమాల గురించి కూడా ఒక మాట. 2023 కేంద్ర బడ్జెట్‌లో మడ పెంపకానికి మిష్టి పథకం ప్రకటించాక ఈ ఉత్సాహం పెరిగింది, సంతోషం. కానీ వదిలేసిన చెరువు గట్టు తెంచకుండా అందులో మొక్క నాటితే అది ఆమ్లంలోనో, ఎండి గడ్డకట్టిన ఉప్పులోనో చస్తుంది. ముందు నీళ్ళు రావాలి. మన రాష్ట్రంలోనే చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటును లోపలికి పంపి, ఆ తరువాత మడను పెంచిన పద్ధతి ఉంది. అది సరైన వరస. అలాగే ఎర్రబడే ఉప్పు మొక్కలు తప్ప చెట్టు లేని పర్రను చూసి, ఇక్కడ అడవి పోయింది కాబట్టి నాటాలి అని నిర్ణయించకండి. చాలాచోట్ల అది సహజంగానే చెట్టు లేని నేల.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. ఏ పర్ర భూమిని ఏ పనికి ఇవ్వాలనుకుంటున్నారో జాబితా వచ్చినప్పుడు, సర్వే నంబర్ల పక్కన ఆ నేల తడి మట్టి పరీక్ష ఫలితం, 16 వారాల తరువాతి ఫలితం రెండూ అచ్చు వేయండి. అధికారులు ఇవ్వకపోతే ఎందుకు లేవని అడగండి. సంక్రాంతికి నేను ఊరికి వస్తున్నాను. పరీక్ష పద్ధతి నేర్చుకోవాలనుకునే కళాశాల విద్యార్థులు, రైతులు, మత్స్యకార సంఘాలవారు ఎవరైనా ఉంటే మీ కార్యాలయం ద్వారా తెలియజేయండి, గొట్టం, పరీక్ష పట్టీలు తీసుకుని వాళ్ళ ఊరికే వస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నాగాయలంక మండలం, కృష్ణా జిల్లా
(ప్రస్తుతం మసాచుసెట్స్)